చుక్కలు కాదు బిడ్డా, చోటు రాయి

బిడ్డా, నువ్వు మా ఇంట్లో ఇచ్చిపోయిన నోట్‌బుక్ చివరి పేజీ దాకా చదివాను. పుస్తకం పేరు, రాసినవారి పేరు, నీకేమనిపించిందో ఓ పది వరుసలు, కింద ఎర్ర సిరాతో చుక్కలు. బాగా నచ్చితే ఐదు, నచ్చకపోతే ఒకటో రెండో. కొన్ని నవలలు, కొన్ని ఆత్మకథలు. ఉస్మానియా హాస్టల్లో ఉంటూ, ఒక పక్క పీజీ, ఇంకో పక్క గ్రూప్స్ ప్రిపరేషన్ అంటూ ఊపిరి సలపని పిల్లవు. అయినా ఇన్ని పుస్తకాలు చదివి, చదివినదాని మీద నాలుగు మాటలు రాసి పెట్టుకుంటున్నావంటే నాకు కడుపు నిండిపోయింది. ఈ అలవాటు ఎన్నడూ మానకు. పెద్దమ్మగా నేను చెప్పేది ఒకటే. చుక్కలు తీసెయ్. ఆ జాగాలో, పుస్తకం నిన్ను ఎక్కడ ఆపిందో రాయి. ఏ పేజీలో, ఏ మాట దగ్గర, ఏ సంగతి దగ్గర ఆగావో రాయి.

ఎందుకు చెబుతున్నానో నీ రాతలోంచే చూపిస్తాను.

‘అంపశయ్య’కు రెండు చుక్కలు పెట్టావు. ‘రవి ఊరికే తన మీద తాను జాలి పడుతుంటాడు, విసుగొచ్చింది’ అని రాశావు. విసుగొచ్చిందంటే నేను కాదనను. పెద్ద నవల అన్నారు కదా అని నచ్చినట్టు నటించలేదు, అది నాకు నచ్చింది. కానీ ఆ విసుగు ఎక్కడ మొదలైంది? మొదటి పేజీ నుంచే ఉందా, సగం దాకా బాగానే చదివి అక్కడ చిరాకు పడ్డావా? అది నువ్వు రాయలేదు. రాసి ఉంటే నీకే ఇంకో సంగతి తెలిసేదేమో.

ఆ నవల 1969లో అచ్చయింది. రాసిన నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య, వావిలాల నుంచి వచ్చి ఇదే ఉస్మానియాలో ఎకనామిక్స్ ఎమ్మే చదివాడు. ఆ తర్వాత పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైపోయింది. నవల మొత్తం ఒక్క రోజు కథ. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి దాకా రవి అనే హాస్టల్ కుర్రవాడి బుర్రలో ఏం తిరుగుతుందో అదే నవల. ఊళ్లో ఇంటి పరిస్థితి, చేతిలో లేని డబ్బు, నలుగురిలో కలవలేనితనం, వాటి చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వచ్చే ఆలోచన. నువ్వు రోజూ నడిచే దారుల్లోనే ఆ పిల్లవాడూ నడిచాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు అవే, హాస్టళ్ల దారి అదే. ఇప్పుడు మీ హాస్టల్లో రాత్రి పదకొండింటికి లైటు ఆర్పాక నీ పక్క మంచం పిల్ల ఏం ఆలోచిస్తుంది? మెస్ బిల్లు, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, ఇంటి దగ్గర చెల్లెలి పెళ్లి, వయసు దాటిపోతుందేమోనన్న భయం. ఆ పిల్ల ఆలోచనలను ఎవరైనా ఉన్నవి ఉన్నట్టు రాస్తే అవి కూడా అలాగే గిర్రున తిరుగుతాయి. నీ విసుగు రవి మీదేనా, నీ చుట్టూ రోజూ చూస్తున్న ఆ తిరుగుడు మీదా? ఇది నేను తేల్చేది కాదు. పుస్తకం మళ్లీ తెరిచి, చిరాకు పుట్టిన పేజీ పట్టుకుంటే నీకే తెలుస్తుంది. రవి ఆడపిల్లలను చూసే చూపు మీద కోపం వచ్చిందా? అదీ రాయి. ఏ వాక్యం దగ్గర వచ్చిందో ఆ వాక్యం పేజీ నంబరు వేసి మరీ రాయి. అప్పుడు నీ మాటను కాదనడం ఎవరి తరమూ కాదు.

ఇక ఆత్మకథల సంగతి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇక్కడే.

‘నిర్జన వారధి’ కింద ఇలా రాశావు: ‘ఇంత జరిగినా ఆవిడకు కోపం ఎందుకు రాలేదు? నేనైతే ఊరుకునేదాన్ని కాదు.’ నాలుగు చుక్కలు. ఒక చుక్క ఎందుకు తగ్గించావమ్మా? ఆవిడ నువ్వు కోరుకున్నంత కోపగించుకోలేదనేనా?

ఆ ఆత్మకథ రాసిన కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో పుట్టింది. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పెళ్లి. ఇద్దరూ కమ్యూనిస్టు పార్టీ మనుషులు. అజ్ఞాతవాసం, పాటలు, పార్టీ పని. ఆ తర్వాత భర్త వదిలి వెళ్లాడు. పిల్లలను తల్లి దగ్గర పెట్టి, ముప్పై ఐదు దాటిన వయసులో హైదరాబాద్ వచ్చి, ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకుంది. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేసి తన అన్నం తాను సంపాదించుకుంది. కన్న బిడ్డలిద్దరూ ఆమె కళ్ల ముందే పోయారు. ఇదంతా మోసుకుని తొంభై దాటాక, 2012లో ఆ పుస్తకం తెచ్చింది. నూరేళ్లు బతికి 2018లో వెళ్లిపోయింది.

విద్యానగర్ వైపు బస్సులో పోతుంటే ఆంధ్ర మహిళా సభ బోర్డు నువ్వు ఎన్నిసార్లు చూసి ఉంటావో. ఈసారి చూసినప్పుడు, బడి వయసు దాటిపోయిన ఒక తల్లి పలకా బలపం పట్టిన పిల్లలా మళ్లీ మొదలుపెట్టిన రోజులను తలుచుకో.

ఆవిడ గొంతు పెంచి తిట్టలేదు. నిజమే. అందుకని కోపం లేదని ఎలా అనుకున్నావు? ఆత్మకథ చదివేటప్పుడు ఒక పని చేసి చూడు. దేనికి పేజీలకు పేజీలు ఇచ్చింది, దేన్ని రెండు మాటల్లో దాటేసింది అని గమనించు. దాటేసిన చోట మనం ఆగాలి. అక్కడ ఆమె చెప్పలేక వదిలిందా, చెప్పకూడదని వదిలిందా, చెప్పి చెప్పి అలిసిపోయి వదిలిందా అని ఆలోచించాలి. ‘నేనైతే’ అన్న మాట మనసులో పుట్టడం తప్పు కాదు, నాకూ పుడుతుంది. కానీ ఇరవై మూడేళ్ల పిల్ల ‘నేనైతే’ అన్నప్పుడు, 1950ల్లో చేతిలో చదువు లేని ఒంటరి ఆడది వెళ్లడానికి ఇల్లు ఎక్కడుంది, చేయడానికి పని ఏముంది అని కూడా అడగాలి. అడిగాక నీ ‘నేనైతే’ మారకపోవచ్చు. మారకపోయినా ఫరవాలేదు. ముందు అడిగి ఆ తర్వాత రాయి.

నవలలో మనిషితో ఎంతైనా పోట్లాడు. రవిని తిట్టు, ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును ఏకి పారెయ్, గోపీచంద్ ఏమీ అనుకోడు. ఆత్మకథలో మనిషి నిజంగా బతికింది, నిజంగా ఏడ్చింది. బతుకుకు మార్కులు వేయడానికి నువ్వూ నేనూ ఎవరం? రాతకు వేయవచ్చు. ఫలానా చోట దాచిపెట్టి రాశారని అనిపిస్తే, ఫలానా చోట తమను తాము పొగుడుకున్నారనిపిస్తే నిర్భయంగా రాయి. అది చదివేవాళ్ల హక్కు. మన పెద్దవాళ్ల ఆత్మకథల్లో స్వోత్కర్ష తక్కువేం కాదు, దాన్ని పట్టుకోవాల్సిందే.

వినడం ఎలాగో నేర్చుకోవాలంటే ‘మనకు తెలియని మన చరిత్ర’ చదువు. నీ నోట్‌బుక్‌లో అది లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న కథలు అవి. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు ఊరూరా తిరిగి, ఆ ఆడవాళ్ల ముందు కూర్చుని, రికార్డు చేసుకుని, 1986లో పుస్తకంగా వేశారు. ఆ పని చేసినవాళ్లలో కొందరు మన ఇలాకా వాళ్లే అని నీకు తెలుసా? రమా మేల్కోటే ఉస్మానియాలో పాఠం చెప్పేది. సూసీ తారు తార్నాక దగ్గరి సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో. వీణా శత్రుఘ్న పక్కనే జాతీయ పోషకాహార సంస్థలో డాక్టరు. కె. లలిత, వసంత కన్నబిరాన్, ఉమామహేశ్వరి వాళ్లతో కలిసి నడిచారు. నువ్వు ఆటో దిగే చోటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లు, నల్లగొండ, వరంగల్ పల్లెల ముసలమ్మల మాట వినడానికి బయలుదేరారు.

ఆ పుస్తకంలో కమలమ్మ ఉంది. అడవిలో దళంతో తిరుగుతూ పసిబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టాల్సి వచ్చిన తల్లి. మల్లు స్వరాజ్యం ఉంది. చిట్యాల ఐలమ్మ ఉంది. ఐలమ్మ 1985 సెప్టెంబరులో కన్నుమూసింది, పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. ఇంకొక్క రెండు మూడేళ్లు ఎవరూ ఆమె గడప తొక్కకపోయి ఉంటే ఆ మాటలు ఆమెతోనే పోయేవి. ఇప్పుడు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టడం మంచిదే. ఆమె నోటి మాట కాగితం మీద నిలవడం నాకు ఇంకా పెద్ద సంగతి. ఆ పుస్తకం ఏ పడక మీదో పడుకుని గబగబా చదివేది కాదు. రోజుకు ఒక మనిషి చాలు. చదివిన రోజు ఇంకే పుస్తకం ముట్టకు.

ఇక్కడ ఇంకో మాట గుర్తొచ్చింది. ‘మా నాయన బాలయ్య’ గురించి మూడు వరుసలే రాశావు, ‘రైల్వే సంగతులు ఎక్కువ’ అని. వై.బి. సత్యనారాయణ తన కుటుంబం మూడు తరాల కథ చెప్పాడు. ఊరి వెట్టి నుంచి బయటపడ్డ మాదిగ కుటుంబానికి రైల్వే పని ఎలా దారి చూపిందో, ఆ దారిలో పిల్లలు బడికి ఎలా వెళ్లారో చెప్పాడు. రైల్వే లేకపోతే ఆ కథే లేదు బిడ్డా. మన వారాసిగూడ, సీతాఫల్‌మండి, చిలకలగూడ, లాలాగూడ అంతా రైల్వే మనుషులే కదా. మా గల్లీ చివరి ఇంటి తాత రిటైరై చాలా ఏళ్లయింది, కళ్లు సరిగా ఆనవు. ఈసారి వచ్చినప్పుడు ఆ పుస్తకంలో ఓ పది పేజీలు ఆయనకు చదివి వినిపించు. క్వార్టర్స్‌లో ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేది, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగేవారు కాదు, డ్యూటీ పిలుపు అర్ధరాత్రి ఎలా వచ్చేది, ఆయనే చెబుతాడు. విన్న తర్వాత ‘రైల్వే సంగతులు ఎక్కువ’ అన్న వాక్యం ఉంచాలో కొట్టేయాలో నీ ఇష్టం.

ఎవరో వీడియోలో పొగిడారని చదవడం, చదవకముందే వాళ్ల అభిప్రాయం బుర్రలో పెట్టుకోవడం, ఈ రెండూ తగ్గించు. నువ్వు రాసుకున్నాకనే వాళ్లది విను. ఏడాదికి ఇన్ని పుస్తకాలని లెక్క పెట్టుకోవడం కూడా వద్దు, ఆ లెక్క ఎవరికీ చూపించాల్సింది కాదు.

మీ అమ్మ ఫోన్ చేసి నాతో అంది, ‘నవలలు చదివితే ఉద్యోగం వస్తదా అక్కా’ అని. రాదు. నీతో అబద్ధం చెప్పను. పరీక్షకు రెండు నెలల ముందు ఈ పుస్తకాలన్నీ అటక మీద పెట్టు, నేనే పెట్టమంటున్నాను. లైబ్రరీలో పొద్దున ఆరింటికి కుర్చీ కోసం బ్యాగు పెట్టి వచ్చే పిల్లల కష్టం నాకు తెలుసు, ఆ కష్టం తక్కువ చేసి మాట్లాడను. పరీక్ష అయ్యాక, ఫలితం కోసం ఎదురుచూసే ఆ ఖాళీ నెలల్లో తిరిగి తీయి. గోర్కీ చదువుకోవాలని కజాన్ వెళ్లి, యూనివర్సిటీలో చోటు దొరక్క రొట్టెల బట్టీలో పనిచేశాడు. తన బతుకు కథలో ఆ రోజుల భాగానికి ఆయన పెట్టిన పేరు ‘నా విశ్వవిద్యాలయాలు’. ఆ ఎదురుచూపుల నెలల్లో చదవదగిన పుస్తకం అది.

తర్వాత ఏం చదవాలని అడిగావు కదా. దాశరథి రంగాచార్య పుస్తకాలు రెండు కలిపి చదువు. ముందు ‘చిల్లర దేవుళ్లు’, అది నవల. దొర గడీ, వెట్టి, గడీలో దాసీలైన ఆడబాపల బతుకు, వాళ్ల నోట తెలంగాణ మాట. ఆ తర్వాత ‘జీవనయానం’, అది ఆయన ఆత్మకథ. ఒకే మనిషి ఒకే కాలాన్ని రెండు తీర్ల చెప్పాడు. నవలలో పాత్రల నోట చెప్పించినదాన్ని ఆత్మకథలో తన గొంతుతో ఎలా చెప్పాడో, దేన్ని నవలకే వదిలేశాడో పక్కపక్కన పెట్టి చూడు. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ నవలకు, కుడి పేజీ ఆత్మకథకు. ఎక్కడ రెండూ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో గీత కొట్టుకో. ఆత్మకథ ముందు చదివితే నవలలో ప్రతి మనిషీ ‘ఇతను ఫలానా ఆయనే’ అని కనిపించి కథ రుచి పోతుంది. అందుకే నవల ముందు.

నా దగ్గర ‘చిల్లర దేవుళ్లు’ ఉంది, అట్ట ఊడింది కానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. ‘జీవనయానం’ కాచిగూడ చౌరస్తా నవోదయలో అడుగు. అక్కడ లేకపోతే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో కూర్చుని చదువుకోవచ్చు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పొద్దున వెళ్తే ఒక్కోసారి పాత ప్రతి దొరుకుతుంది, బేరం ఆడు. ‘అంపశయ్య’ పేజీ పట్టుకుని రాశాక ఆ నోట్‌బుక్ తీసుకుని రా, పోట్లాడుకుందాం.