వేలమూ వారసత్వమూ

మనిషి ఆయుష్షు కంటె అతడు వాడిన వస్తువుల ఆయుష్షు తరచు ఎక్కువ. గృహస్థు వెళ్ళిపోతాడు, అతడు పడుకున్న పందిరిమంచం, చూసుకున్న నిలువుటద్దం, నీళ్ళు తాగిన కంచుచెంబు నిలిచి ఉంటవి. దేహానికి చేయవలసిన సంస్కారం ఏమిటో శాస్త్రం విధించింది. కొద్ది దినాలలో ఆ కార్యం ముగుస్తుంది. వస్తువుల సంగతి అంత సులభంగా ముగియదు. అవి ఏండ్ల తరబడి గదులలో ఎవరికోసమో కాచుకొని ఉంటవి. అన్నదమ్ములు వేర్వేరు ఊళ్ళలో స్థిరపడతారు, కుమార్తెలు అత్తవారిండ్లకు వెళతారు, ఇంటిని కొనదలచినవాడు త్వరగా ఖాళీ చేయమంటాడు. కడకు వేలం సంస్థకు కబురు వెళుతుంది. తండ్రి తాతలు వాడిన సామగ్రిని పదిమంది ఎదుట పాటపెట్టి అమ్మడం ధర్మమా అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. కొందరు దానిని పైకి అడుగుతారు. చాలమంది మనసులోనే అణచుకొంటారు.

ఈ ప్రశ్నను కలకత్తా నగరం ఎరిగినంతగా మన దేశంలో మరి ఏ నగరమూ ఎరుగదేమో. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇంగ్లీషు ఉద్యోగి ఎవరైనా ఇక్కడ మరణిస్తే, అతని సామానును బహిరంగంగా కేకవేసి అమ్మేవారు. ఆ అమ్మకానికి ‘ఔట్‌క్రై’ అనే పేరు. మృతుల ఆస్తికి అప్పుడు వ్రాసిన పట్టీలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ భద్రంగా ఉన్నవి. చొక్కాలు, గిన్నెలు, పుస్తకాలు, కుర్చీలు వరుసగా కనిపిస్తవి. ఏది ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో ఆ ప్రక్కనే ఉంటుంది. వారిలో అనేకులను గురించి చరిత్రకు ఇంతకు మించి తెలియదు. మనిషి పోయి పట్టీ మిగిలింది.

1947లో తెల్లవారు వెళ్ళిపోతూ తమ బల్లలను, బీరువాలను వేలానికి వదిలారు. 1953 నాటి ఎస్టేటుల స్వాధీన చట్టంతో వంగదేశంలో జమీందారీలు అంతరించగా, పాత భవనాలనుండి పాలరాతి బొమ్మలు, గాజు దీపవృక్షాలు, గోడ గడియారాలు అదే దారి పట్టినవి. పార్కు వీధిలోను, రస్సెల్ వీధిలోను వేలం సంస్థలు వర్ధిల్లినవి. 1940లో స్థాపితమైన రస్సెల్ ఎక్స్ఛేంజి ఆదివారపు వేలాలు నగర జీవితంలో ఒక భాగమైనవి. కొనడానికి వచ్చేవారితోపాటు ఊరకే చూడడానికి వచ్చేవారు కూడ అటువంటి చోట ఉంటారు. ఒక ఇంటి లోపలి గదులు వీధిలోకి రావడం చూడాలనే కుతూహలం మనుష్యులకు సహజం.

వేలాన్ని నిందించడానికి ముందు దాని పక్షాన చెప్పదగినది చెప్పాలి. పంపకాలలో సోదరుల మధ్య పుట్టే కలహం పొలం దగ్గర కంటె పెట్టె దగ్గర తీవ్రంగా ఉంటుంది. పొలాన్ని గొలుసుతో కొలవవచ్చును. తల్లి వాడిన అద్దాన్ని దేనితో కొలవడం? పెద్దవాడు దానికి వంద అంటాడు, చిన్నవాడు వెయ్యి అంటాడు, ఇద్దరి మాటలోను లోభమూ ప్రేమా కలిసి ఉంటవి. వేలం ఈ తగవును పరాయివారి నోటితో తీరుస్తుంది. ఎవరి ఇష్టమూ చెల్లదు, హెచ్చుపాట చెల్లుతుంది. 1930 నాటి సరకుల విక్రయ చట్టం వేలానికి నియమాలు ఏర్పరచింది. సుత్తి పడినప్పుడే, లేక ఆచారంలో ఉన్న మరొక విధంగా ముగింపు ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తి అవుతుంది. అంతవరకు పాట పాడినవాడు తన పాటను వెనుకకు తీసుకోవచ్చును. అమ్మేవాడు తాను కూడ పాడే హక్కు ముందుగా చెప్పి ఉంచుకోకపోతే, తన మనిషిని రహస్యంగా నిలబెట్టి వెల పెంచడం మోసం. నియమాలు ఉన్నంత మాత్రాన మోసం ఉండదని కాదు. వర్తకులు కొందరు ముందుగానే కూడబలుక్కొని, ఒకరిపై ఒకరు పాడక, విలువైన వస్తువును చౌకగా తన్నుకుపోయే అలవాటు వేలం ఉన్న ప్రతి చోటా ఉన్నది. అయినా నాలుగు గోడల నడుమ బంధువులు చేసే మోసం కంటె పదిమంది ఎదుట జరిగే అమ్మకంలో న్యాయానికి ఎక్కువ చోటు ఉన్నదని ఒప్పుకోవాలి.

అయితే వేలం తీర్చేది వెలను మాత్రమే. వెల అనేది వస్తువులో ఉండే గుణం కాదు. ఆ దినాన ఆ గదిలో ఉన్న పరాయివారి కోరిక. 2020 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర ఒక వేలం సంస్థ తపాలా పెట్టెలో ఎవరో ఒక జత కండ్లజోడు కవరులో పెట్టి వేసి వెళ్ళారు. అది గాంధీగారిదని తెలిసిన తరువాత పదిహేను వేల పౌనులు రావచ్చునని అనుకొన్నారు. పాట 2,60,000 పౌనులకు పోయింది. అంతకు ముందు 2009 మార్చిలో న్యూయార్కు నగరంలో ఆయన కండ్లజోడు, చెప్పులు, గడియారం, కంచం, గిన్నె కలిపి పద్దెనిమిది లక్షల డాలర్లకు అమ్మినారు. ఇక మన తాతగారి కండ్లజోడు సంగతి? దానిని ఎవరూ విడిగా పాటకు పెట్టరు. విరిగిన గొడుగు, పాత సిరాబుడ్డి, తాళం లేని పెట్టె, వీటితో కలిపి ఒకే లాటుగా కట్టి పది రూపాయలకు కొట్టివేస్తారు. అంతమాత్రాన తాతగారు చిన్నవాడు కాలేదు. పెద్ద వెల పోయినవానికి గౌరవం కాదు, చిన్న వెల అవమానమూ కాదు. ఇది తెలియని వారసుడు సుత్తి పడిన ప్రతిసారీ తన వంశానికి మార్కులు పడుతున్నట్లు బాధపడతాడు, లేదా పొంగిపోతాడు.

దీనినిబట్టి ఏదీ అమ్మరాదని, అంతా దాచవలెనని కొందరు వాదిస్తారు. దాచడం భక్తి అన్న భ్రమ మనలో బలంగా ఉన్నది. తాళం వేసిన గదిలో చెదలు తినే పుస్తకం, మసిబారిన ఇత్తడి బిందె, ఎవరూ కూర్చోని కుర్చీ, ఇవి ఎవరికి నివాళి? రెండు గదుల ఇంట్లో బ్రతికే మనుమనిపై ఇరవై గదుల సామగ్రి మోపడం అతనికి ఆస్తి ఇవ్వడం కాదు, బరువు ఇవ్వడం. గాంధీగారు 1901లో దక్షిణాఫ్రికా విడిచి వస్తూ, తమకు వచ్చిన బంగారు కానుకలను ప్రజాసేవకై ట్రస్టుకు అప్పగించినారు. కోడండ్ల కోసమైనా నగలు ఉంచమని కస్తూర్బా కన్నీరు పెట్టుకొన్నది. ఆ వాదంలో న్యాయం ఎవరి పక్షాన ఎంత ఉన్నదో తూచడం తేలిక కాదు. కాని ఆయన ప్రశ్న వెలను గురించినది కాదు, వస్తువుపై ఎవరికి హక్కు అన్నది. తరువాతి కాలంలో సభలలో తమకు ఇచ్చిన కానుకలను అక్కడికక్కడే వేలం వేసి హరిజన నిధికి చేర్చినారు. అక్కడ కూడ సుత్తి పడింది. కాని ఎందుకు పడుతున్నదో సభలో ఉన్నవారికి తెలుసు.

కనుక వేలం పాపమూ కాదు, పుణ్యమూ కాదు. అది ఒక పనిముట్టు. ధర్మం ఆ పనిముట్టును చేతబట్టడానికి ముందు ఉన్నది. మన పూర్వుల ఆలోచన ఈ విషయంలో గమనింపదగినది. మనుధర్మశాస్త్రం వస్త్రాలను, ఆభరణాలను, వాహనాన్ని, వండిన అన్నాన్ని, నీటిని పంచుకోరానివాటిలో చేర్చింది. తండ్రి వాడిన వస్త్రాలు, శయ్య మొదలైనవాటిని గంధపుష్పాలతో అలంకరించి శ్రాద్ధంలో భుజించినవానికి ఇవ్వవలెనని బృహస్పతి మతంగా మితాక్షర చెబుతున్నది. అర్థశాస్త్రంలో ఇంటిని, పొలాన్ని అమ్మే విధానం మరింత విశేషమైనది. కొనడానికి మొదటి అవకాశం జ్ఞాతులది, తరువాత ఇరుగుపొరుగువారిది, ఆ తరువాత ఋణదాతలది. పొరుగువారి సమక్షంలో ‘ఈ వెలకు కొనేవారెవరు?’ అని ముమ్మారు ప్రకటించాలి. పోటీవల్ల వెల పెరిగితే, ఆ పెరిగిన భాగం అమ్మినవానికి కాక రాజు ధనాగారానికి పోవలసి ఉండేది. ఎక్కువ ఇచ్చేవాడెవడు అని అడగడానికి ముందు, దగ్గరవాడెవడు అని ఆ శాస్త్రం అడిగింది.

ఈ భావం నేటి చట్టానికి కూడ పూర్తిగా పరాయిది కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను, అప్పు తీర్చలేనివాని ఆస్తిని జప్తు చేసి వేలం వేయవచ్చునంటూనే కొన్నిటిని మినహాయించింది. అతనికీ భార్యాబిడ్డలకూ అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మతాచారాన్నిబట్టి స్త్రీ విడువరాని ఆభరణాలు, చేతిపనివాని పనిముట్లు అందులో ఉన్నవి. ఋణదాత ముందు నిలిచిన దరిద్రునికి చట్టం వదిలిపెట్టిన ఈ మాత్రం, అప్పు లేని వారసులు తమంతట తాము ఎందుకు వదలరు?

ఇక్కడ చట్టం అడగని ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఆస్తి ఎవరిది అని చట్టం అడుగుతుంది. ఎవరికి ఎంత కావాలి అని వేలం అడుగుతుంది. ఈ వస్తువుతో ఎవరి జీవితం కలిసి ఉన్నది అని ఎవరూ అడగరు. ముప్పై ఏండ్లు ఒక ఇంట వంట చేసిన మనిషిని తలచుకొనండి. ఆ గంగాళం బరువు, ఆ కత్తిపీట వాడి, ఆ రుబ్బురోలు స్వభావం యజమానురాలి కంటె ఆమెకే ఎక్కువ తెలుసు. తోమి తోమి ఆ పాత్రల అంచులు అరిగింది ఆమె చేతులలోనే. వారసుల పట్టీలో ఆమె పేరు లేదు. వేలానికి వచ్చి పాట పాడే శక్తి ఆమెకు లేదు. ఆ పాత్రలు తూకానికి పోతున్న దినాన ఆమె గుమ్మం ప్రక్కన నిలబడి చూస్తుంది. బండికి ఎక్కించడానికి ఒక చేయి వేయమని ఆమెనే పిలుస్తారు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. అయినా ఇది అన్యాయం. ఒక్క పాత్రను ఆమె ముందుంచి, ‘ఇది నీకు కావాలా?’ అని అడిగి ఉంటే వారసుల వాటాలో తగ్గేది ఎన్ని రూపాయలు?

అట్లే బల్ల సొరుగులలో మిగిలిన ఉత్తరాలు. బల్లను అమ్మే హక్కు వారసునికి ఉన్నది. కాని ఆ ఉత్తరాలు వ్రాసినవారు అతనిని నమ్మి వ్రాయలేదు. చదువకుండ, చూడకుండ, సొరుగుతో సహా వాటిని పరుల చేతికి అప్పగించడం పోయినవారి విశ్వాసాన్నే కాక, బ్రతికి ఉన్నవారి పరువును కూడ అమ్మడం. కొన్ని ఉత్తరాలు వ్రాసినవారికి తిరిగి చేరాలి. కొన్ని అగ్నికి చేరాలి. దేశానికి ఉపయోగపడేవి గ్రంథాలయానికి చేరాలి. ఈ విచక్షణను కమీషను తీసుకొని వేలం సంస్థ చేయదు, చేయవలసిన పని దానిది కాదు.

చాలమంది వేలాన్ని ఆశ్రయించేది డబ్బు కోసం కాదు. ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకోవలసిన మాటలు తప్పించుకోవడానికి. ఈ కుర్చీ నాకు కావాలి అని అన్నతో చెప్పలేని తమ్ముడు, దానిని పరాయివాడు కొనుక్కుపోవడం మౌనంగా చూస్తాడు. అమ్మ చీరల పెట్టె నాకు ఇస్తారా అని అడగలేని చెల్లెలు తన వాటా చెక్కు తీసుకొని వెళుతుంది. లెక్కలో ఎవరూ మోసపోలేదు. కాని ఆ ఇంట్లో మాట తెగిపోయింది, దానికి రసీదు లేదు.

సుత్తి పడేవరకు పాటను వెనుకకు తీసుకొనే హక్కును చట్టం కొనేవానికి ఇచ్చింది. అమ్మేవారికి కూడ అటువంటి వ్యవధి ఉన్నది. అది సామాను బండి ఎక్కకముందు, ఇంట్లో దీపం ఇంకా వెలుగుతూ ఉన్న నాలుగు దినాలు. ఆ నాలుగు దినాలలో అందరూ ఒకసారి కూడి, దగ్గరివారిని పిలిచి, అడగలేనివారిని తామే అడిగి, ఇవ్వవలసినవి ఇచ్చి, కాల్చవలసినవి కాల్చి, మిగిలినదానిని నిస్సంకోచంగా వేలానికి పంపవచ్చును. అప్పుడు అది ఎంతకు పోయినా చింత లేదు.