ఆర్తికి చిరునామా

భగవంతుణ్ణి వేడుకోవడానికి అలవడిన గొంతుతోనే మనిషి మరో మనిషిని వేడుకుంటే ఆ గొంతులోని పవిత్రత నశిస్తుందా, లేక పవిత్రత వేడుకోలులోనే ఉండి, వినేవారెవరన్న దానితో నిమిత్తం లేకుండా నిలుస్తుందా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్ది మధ్యలో అమెరికాలోని నల్లజాతి క్రైస్తవ సంఘాలను కలవరపెట్టింది. రే చార్ల్స్, సామ్ కుక్ వంటి ప్రసిద్ధ గాయకుల జీవితాల ఆధారంగా దీన్ని చర్చించడం పరిపాటే అయినా, వారికంటే ముందే భక్తిగీతానికి, లౌకిక గీతానికి మధ్యనున్న గీత దాటి, తర్వాత దాదాపు మరుగునపడిన ‘ఫైవ్ రాయల్స్’ బృందం చరిత్రలో దీని స్వరూపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలం పట్టణానికి చెందిన ఈ గాయకులు మొదట ‘రాయల్ సన్స్’ అన్న పేరుతో గాస్పెల్ గీతాలు, అంటే సువార్త ఆధారంగా ఆరాధనల్లో పాడే భక్తిగీతాలు, పాడేవారు. న్యూయార్క్‌లోని అపోలో రికార్డుల సంస్థకు కూడా తొలుత భక్తిగీతాలే పాడి, ఆపైన లౌకిక గీతాలవైపు మళ్లారు. 1953లో వారి ‘బేబీ డోంట్ డూ ఇట్’, ‘హెల్ప్ మీ సమ్‌బడీ’ రెండూ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో, అంటే నల్లజాతి శ్రోతల లౌకిక సంగీతానికి ఆనాడు వ్యాపారులు వాడిన పేరుతో వెలువడే పట్టికలో, ప్రథమ స్థానానికి చేరాయి. అదే అపోలో సంస్థకు పాడిన గాస్పెల్ గాయని మహాలియా జాక్సన్ మాత్రం నైట్‌క్లబ్బుల్లో పాడడానికి ఒప్పుకోలేదు. లౌకిక విషాదగీతాలైన బ్లూస్ పాడాక కూడా దుఃఖం మిగిలే ఉంటుందని, సువార్త గీతం ఆ బరువును దించుతుందని ఆమె విశ్వాసం.

ఆమె వాదాన్ని ఛాందసమని కొట్టివేయడం తగదు. సంఘంలో ప్రధాన గాయకుడు ఎత్తుకున్న మాటకు వంత పలికేవారు ఆ మాటలోని ఆశను పంచుకున్నవారే, అదే భారాన్ని మోస్తున్నవారే. రికార్డు మీద ఫైవ్ రాయల్స్ ప్రధాన గాయకుడు జానీ టానర్ గొంతుకు వంత పలికినవారు ఎంత నేర్పరులైనా వారిది శిక్షితమైన వంతే గాని సంఘం పలికే ‘ఆమెన్’ కాదు. గీత దాటడంలో నిజంగా పోయింది ఇదే, దైవనామం కాదు.

అయితే పోనిదేమిటో బృందానికి గిటారిస్టు, ప్రధాన గీతకర్త అయిన లోమన్ పాలింగ్ రాసిన పాటలు చూపుతాయి. ‘హెల్ప్ మీ సమ్‌బడీ’ అన్న శీర్షికే దిక్కులేనివాడి మొర; దాన్ని ఆరాధనలో వింటే దేవునికి చెందుతుంది, నాట్యశాలలో వింటే ప్రేయసికి చెందుతుంది, మొర మాత్రం మారదు. నిర్మాత రాల్ఫ్ బాస్‌తో కలిసి ఆయన పేరు నమోదైన ‘డెడికేటెడ్ టు ది వన్ ఐ లవ్’ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. 1957లో కింగ్ రికార్డుల సంస్థకు పాడిన ఆ ప్రేమగీతంలో దూరాన ఉన్న ప్రియుడు కోరేది కౌగిలి కాదు, నిద్రకు ముందు తనకోసం ఒక చిన్న ప్రార్థన. ఇక్కడ దేవుణ్ణి తొలగించి ఆ స్థానంలో ప్రేయసిని నిలిపారనడం పొరపాటు. తాను నేరుగా ప్రార్థించడానికి బదులు, తనకోసం చేసే ప్రార్థనను తాను ప్రేమించిన మనిషి నోట పలికించాలనుకున్నాడు ప్రియుడు. ఒకరికోసం మరొకరు దేవుణ్ణి అర్థించే ఈ పద్ధతిని క్రైస్తవులు విజ్ఞాపన ప్రార్థన అంటారు, కనుక పాలింగ్ గుడి గడప దాటి బయటికి తెచ్చింది గాత్రశైలిని మాత్రమే కాదు, ఒక ఆరాధనా విధిని కూడా.

ఆ పాటను లోకం ఎక్కువగా విన్నది 1961లో షిరెల్స్, 1967లో మామాస్ అండ్ ది పాపాస్ బృందాల గొంతుల్లో. పాలింగ్ చివరి రోజుల్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక యూదు ప్రార్థనామందిరంలో శుభ్రత, సంరక్షణ పనులు చూస్తూ 1973లో మరణించారు. అప్పటికి ఆయన పేరైనా తెలియని లక్షలాదిమంది, తమకోసం ప్రార్థించమన్న ఆ మాటను తమకిష్టమైనవారికి అంకితమిచ్చుకుంటూ పాడుతూనే ఉన్నారు.