తాతగారి విస్తరి – మనుమని పళ్లెము



నేడు అనేక వైష్ణవ గృహములలో భోజనవేళ యనగానే ఇరు తరముల నడుమ వాదము పుట్టుచున్నది. తాతగారు స్నానసంధ్యలు ముగించి, పెరుమాళ్లకు ఆరగింపు జరిపించి, ఆ ప్రసాదమును విస్తరిలో స్వీకరింతురు. మనుమడు సెల్‌ఫోను చూచుచు తన గదిలోనే తినును. ఒక్కొక్కనాడు హోటలునుండి తెప్పించుకొనును. ఆచారము మంటగలిసినదని తాతగారు వాపోవుదురు. తిండికిని భక్తికిని సంబంధమేమని మనుమడు అడుగును. నడుమ వడ్డించు తల్లి ఇరువురికిని సమాధానము చెప్పలేక, కడపట ఒంటరిగా భుజించును.

ఈ విషయమున మన పూర్వాచార్యుల మాట విచారింతము. భక్తి నిలుచుటకు ఏడు సాధనములు కలవని భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిరూపించిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిలో మొదటిదగు వివేకము ఆహారమునకు సంబంధించినది. పదార్థ స్వభావమువలనను, అది వచ్చిన చోటువలనను, వెండ్రుక మున్నగునవి పడుటవలనను కలుగు దోషములు లేని అన్నముచే దేహము శుద్ధమగును. ఆహారశుద్ధిచే మనస్సు నిర్మలమగును. కనుక మనుమని ప్రశ్నకు సమాధానము మొదటి మెట్టునందే యున్నది.

అయితే పెద్దలు ఐదవ మెట్టును మరువరాదు. సత్యము, ఆర్జవము, దయ, దానము, అహింస మొదలగునవి కల్యాణములు. మడితో వండిన అన్నమును పరుషవాక్యముతో వడ్డించినచో మొదటి సాధనము నిలిచినను ఐదవది జారిపోవును. పెక్కు ఇండ్లలో పిల్లలు విస్తరికి దూరమగుటకు అందలి పప్పుచారు కారణము కాదు. దానితోడి చీవాట్లే కారణము. ఆకలిగొన్నవానిని చూచి తన పొట్లము నిచ్చివేయు యువకులను మనమెరుగుదుము. వారియందు ఐదవది కలదు. మొదటిది ప్రేమతో నేర్పవలెను.

తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానమును చూడుడు. తరిగొండ వెంగమాంబ పేర వెలసిన భవనమున యాత్రికులు వేలాదిగా బారులు తీరి కూర్చుందురు. ఇంట కూర నచ్చలేదని అలిగిన బాలుడే అచట వడ్డించిన అన్నము, సాంబారు, మజ్జిగ మారుమాట లేక తినును. ఏల? అందరును ఒక్క పంక్తిలో గోవిందనామముతో భుజింతురు. ఎవరును ఎవరి తప్పులెన్నరు.

ఆ పంక్తి మన ఇండ్లలోను ఏర్పడవలెను. దినమునకొక్క పూట, కుదరనిచో ద్వాదశి పారణమునాడైనను ఇంటిల్లిపాదియు కలిసి కూర్చుండుడు. వండినది పెరుమాళ్లకు నివేదించి, తులసితీర్థము స్వీకరించి భుజింపుడు. సెల్‌ఫోనులను ఆవల నుంచుడు. పెద్దలు ఆ పూట దూషణ మాని, పిల్లలడిగిన ఆచారములకు కారణములను ఓపికతో చెప్పవలెను. పిల్లలు తల్లిని కూర్చుండబెట్టి తామే వడ్డింపవలెను. ఉద్యోగరీత్యా హోటలు భోజనము తప్పనివారు మొదటి ముద్దకు ముందు గోవిందుని స్మరించినను అది మంచి ఆరంభమే.

ప్రతి గృహమునందును పంక్తి నిలుచునట్లు శ్రీ శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!