ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతిలో

ఆఫీసు మెయిల్ ఏ కంపెనీ దగ్గర పెట్టుకోవాలన్నది ధరల పట్టిక చూసి తేల్చుకునే సంగతి అంటారు చాలామంది. మనిషికి నెలకెంత, ఎన్ని జీబీల చోటు, ఫోన్లో తెరుచుకుంటుందా, ఇంతేగా అంటారు. రాజమహేంద్రవరంలో ఆడిటరు వృత్తి చేసుకుంటున్న నాకు మాత్రం అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఆ పెట్టెలో ఉండేది నా సొమ్ము కాదు మరి.

ఏముంటుందో చెబుతాను. కడియం నర్సరీ రైతు బ్యాంకు లోను కోసం పంపిన పొలం కాగితాలు. విడిపోదామనుకుంటున్న రైస్‌మిల్లు భాగస్తులు ఇంట్లోవాళ్లకైనా చెప్పకముందే నాకు రాసిన ఉత్తరం. భర్త పోయిన ఒకావిడ స్కాన్ చేయించి పంపిన వీలునామా. పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, ఇన్‌కం టాక్స్ నోటీసులు. మా సీనియర్ గారి కాలంలో ఇవన్నీ ఇనప బీరువాలో ఉండేవి. పార్టీ వచ్చి, "మీ దగ్గరుంటే చాలు ఆడిటర్ గారూ" అని ఇచ్చి వెళ్లేవాడు. రసీదు అడిగేవాడు కాదు. ఆయన ఆ తాళంచెవిని గుమాస్తా చేతికి కూడా ఇచ్చేవారు కాదు. ఇవాళ పార్టీ అదే నమ్మకంతో మెయిల్ పెడుతున్నాడు. ఆ మెయిల్ చేరే చోటు మాత్రం మా గదిలో లేదు. దాని తాళం ఇంకొకరి దగ్గరుంది.

ఈ చిక్కును మన పెద్దలు చాలా లోతుగా ఆలోచించారు. మనుస్మృతి వ్యాజ్యాలను పద్దెనిమిది పద్దులుగా విడదీసింది. అందులో అప్పు తర్వాత రెండోది దాచమని ఇచ్చిన సొమ్ము, మూడోది తనది కానిదాన్ని అమ్ముకోవడం. యాజ్ఞవల్క్యుడు ఇంకాస్త ముందుకెళ్లాడు. లోపల ఏముందో చెప్పకుండా మూసి ఒకరి చేతికిచ్చిన దాన్ని, ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి ఇవ్వాలన్నాడు. దాచినవాడు దాన్ని తన ఇష్టానికి వాడుకుంటే దండన తప్పదు, దానిమీద వచ్చిన లాభమూ కక్కాలి. కల్యాణి చాళుక్యుల రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో యాజ్ఞవల్క్యుడి స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో దాని ఆధారంగానే మన కేతన విజ్ఞానేశ్వరీయం రాసి, ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చాడు.

దాచుకోవడంలో ఉన్న రకాలను మితాక్షర ఒక్కొక్కటిగా వివరిస్తుంది. అందులో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. ఒకడు నా దగ్గర దాచిన వస్తువును నేను ఇంకొకరి చేతిలో పెట్టి, "ఇది ఫలానావాడిది, అతనికే చేర్చు" అని అప్పగించడం. దాన్ని అన్వాహితం అన్నారు. చేతులు మారినంత మాత్రాన నియమం మారదన్నారు. వ్యాపారానికి మెయిల్ పెట్టుకోవడమంటే సరిగ్గా ఇదే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 8వ సెక్షనూ ఈ మాటే చెబుతోంది. పని వేరే సంస్థ చేత చేయించుకున్నా బాధ్యత మొదట సమాచారం పుచ్చుకున్నవాడిదే. మా వృత్తికైతే 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టమే ఉంది. పార్టీ ఒప్పుకోకుండా అతని సంగతులు బయటపెట్టడం వృత్తి దోషం.

ఇక ఉచితం సంగతి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ చోటుతో వచ్చినప్పుడు అందరికీ ఆశ్చర్యమే. ఉత్తరంలోని మాటలను యంత్రం చదివి పక్కన ప్రకటనలు వేసేది. ప్రకటనల కోసం అలా చదవడం మానేస్తామని 2017లో గూగుల్ ప్రకటించింది. కాబట్టి ఇప్పుడు దాని మీద ఆ నింద వేయను. అప్పుడు పుట్టిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. షరతులకు ఒప్పుకుని పెట్టె తెరిచింది నేను. నాకు ఉత్తరం రాసిన రైతు దేనికి ఒప్పుకున్నాడు? అతని మాటలను వెలగా పెట్టి నేను సౌకర్యం కొనుక్కుంటే, అది మనువు చెప్పిన మూడో పద్దు కిందికే వస్తుంది. పార్టీల కాగితాలు చేరే పెట్టెకు డబ్బు నా జేబులోంచి వెళ్లాలి. ఇందులో నాకు సందేహం లేదు.

మా పార్టీల్లో ఒక పాస్టర్ గారున్నారు. దాచిన సొమ్మును ముట్టకూడదని నేనంటే ఆయన మత్తయి సువార్తలోని తలాంతుల ఉపమానం గుర్తుచేశారు. యజమాని ఇచ్చిన డబ్బును భూమిలో పాతిపెట్టి, ఉన్నదున్నట్టు తిరిగిచ్చిన దాసుణ్ణి యజమాని మందలించాడు కదా, ఊరికే దాచడం పుణ్యమెలా అవుతుందన్నారు. మంచి ప్రశ్న. సమాచారాన్ని పనికి పెడితేనే విలువ అనే కంపెనీల వాదనా ఇదే. కానీ ఆ కథలో డబ్బు ఇచ్చింది వ్యాపారం చేసి పెంచడానికి. వీలునామా పంపిన ఆవిడ దాన్ని పెంచమని పంపలేదు. ఎందుకిచ్చారన్నదే ధర్మాన్ని నిర్ణయిస్తుంది. ముహమ్మద్ ప్రవక్త 622లో మక్కా విడిచి వెళ్తూ, తన దగ్గర జనం దాచుకున్నవి ఎవరివి వారికి అప్పజెప్పమని అలీని అక్కడే ఉంచారని ఇస్లామీయ సంప్రదాయం చెబుతుంది. దాచుకున్నవాళ్లలో ఆయన్ను వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా అమానతు ముందు, ప్రయాణం తర్వాత.

అసలు కష్టం రాజు వచ్చి అడిగినప్పుడు. అమెరికాలో లాడార్ లెవిసన్ అనే ఆయన లావాబిట్ అనే మెయిల్ సంస్థ నడిపేవాడు. అమెరికా ప్రభుత్వ రహస్య నిఘాను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఉత్తరాలు అక్కడ ఉండేవి. 2013లో ప్రభుత్వం కోర్టు ఆజ్ఞతో ఆ సంస్థ తాళపు సంకేతాన్నే అడిగింది. అది ఇస్తే ఒక్కరివి కాదు, వాడుకునేవాళ్లందరి ఉత్తరాలూ తెరుచుకుంటాయి. ఆయన దాన్ని కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో కాగితం మీద అచ్చువేసి ఇచ్చాడు. కోర్టు అది చెల్లదంది. ఆగస్టులో సంస్థనే మూసేశాడు. యాజ్ఞవల్క్యుడి ప్రకారం రాజు లాక్కున్నది దాచినవాడు కట్టనక్కర్లేదు. లెవిసన్ ఆ మినహాయింపు తీసుకోలేదు. ఆయన తెగువకు నేను నమస్కరిస్తాను. అయినా మూసిన రోజున తమ ఉత్తరాలు తమకే అందనివాళ్లు ఎందరో ఉన్నారు. అక్టోబరులో కొద్ది కాలం తెరిచి, ఎవరివి వారు దించుకునే వీలు కల్పించాడు. రహస్యం కాపాడటం, తిరిగి ఇవ్వడం అనే రెండు ధర్మాలు ఒకదానికొకటి అడ్డొస్తే ఏది ముందు? ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో గాని, దాచుకున్నవాడి వైపు నుంచి చూస్తే ఒకటి తేలుతుంది. తన ఉత్తరాల ప్రతి ఒకటి తన దగ్గర కూడా ఉంచుకున్నవాడికి ఈ రెండు ధర్మాల గొడవ వల్ల నష్టం తక్కువ. అందుకే ఏ కంపెనీనైనా నేను మొదట అడిగేది, మొత్తం ఉత్తరాలను బయటికి తీసుకుపోయే దారి ఏమిటని. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి రాని చోట చౌక ఎంతైనా నాకొద్దు.

"ఎవర్నీ నమ్మడమెందుకు సార్, సర్వర్ మనమే పెట్టుకుందాం" అన్నాడు మా ఆఫీసులో ఆర్టికల్స్ చేసే కుర్రాడు. మెయిల్ సర్వర్ నడిపే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి, నిజమే. కానీ ఉత్తరం మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లు సరిగా లేకపోతే మన ఉత్తరం అవతలివాడి స్పామ్‌లో పడుతుంది. భద్రతా మరమ్మతులు ఎప్పటికప్పుడు వేయాలి. గోదావరికి వరదొచ్చి కరెంటు పోయినా పెట్టె నడవాలి. ఇదంతా చేయగల మనిషి లేకుండా సొంత సర్వర్ పెట్టడం స్వావలంబన అనిపించుకోదు, పరుల సొమ్మును అరుగు మీద వదిలేయడమే. వెబ్‌సైటుతో పాటు ఊరికే ఇచ్చే మెయిల్‌నూ నేను వద్దంటాను. ఒకే సర్వర్ చిరునామాను పంచుకునే వందల మందిలో ఒకడు చెత్త మెయిళ్లు పంపితే మిగతావాళ్ల ఉత్తరాలకూ ఆ మచ్చ అంటుతుంది.

డొమైన్ విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. ఒక కొబ్బరి వ్యాపారికి వెబ్‌సైటు చేసినతను డొమైన్ తన పేరు మీదే నమోదు చేసుకుని, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. డొమైన్ ఎవరి పేరున ఉంటే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు వాళ్ల చేతిలో ఉంటుంది. ఉత్తరాలన్నీ ఎటు తిప్పితే అటు పోతాయి. వీధి గుమ్మం తాళం పరాయివాడి దగ్గరుంటే ఎంత ఖరీదైన హోస్టింగూ కాపాడలేదు.

సొంత డొమైన్ మా సంస్థ పేరునే తీసుకుని, మేం డబ్బు కట్టి మన దేశపు కంపెనీ జోహోలో పెట్టెలు తీసుకున్నాం. ప్రకటనల మీద బతికే కంపెనీ కాదు, పిలిస్తే మన కోర్టుకు రావలసిన కంపెనీ. అదొక్కటే సరైనదని అనను. డబ్బు కట్టి వాడే గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 కూడా ఉత్తరాలు తిరిగి తీసుకోగలమా అన్న పరీక్షకు నిలిచేవే. అడ్మిన్ అధికారం మాత్రం ఒక్కరి చేతిలో పెట్టలేదు. యజమాననే హక్కుతో ఉద్యోగి పెట్టెను కారణం లేకుండా తెరవడమూ దాచిన సొమ్మును వాడుకోవడమే కనుక, అలా తెరిస్తే ఎందుకు తెరిచామో ఇద్దరు భాగస్తులూ సంతకం చేయాలని రాసుకున్నాం.

వృత్తిలో ఉన్న మిత్రులకు, వ్యాపారస్తులకు నా మనవి ఒకటి. మీ మెయిల్ ఏ కంపెనీ దగ్గరుందో, మారిస్తే ఎక్కడికి మారుస్తున్నారో మీ పార్టీలకు ఒక ఉత్తరం రాయండి. ఇష్టం లేనివాళ్లు కాగితాలు చేతికే తెచ్చిస్తామంటే సరేనండి. సొమ్ము వాళ్లది, అది ఎక్కడుందో తెలుసుకునే హక్కూ వాళ్లదే.