మా కళాశాలనే యేల కోరితివి?

అమెరికా చదువునకు దరఖాస్తు పెట్టు మన బిడ్డలను అనేక కళాశాలలు ఈ ప్రశ్న అడుగును. యేల్ విశ్వవిద్యాలయము 2024–25లో జవాబునకు 125 మాటలే యిచ్చెను. అయితే కామన్ అప్లికేషన్ ద్వారా ఒకడు 20 కళాశాలలను కోరవచ్చును. అన్నిటికిని "మీరే నాకు కావలెను" అని వ్రాయుట అబద్ధము కాదా?

సంబంధము వెదకు తండ్రి నాలుగిండ్ల గడప త్రొక్కును. అది తప్పు కాదు. పేరు మాత్రము మార్చి ఒకే పొగడ్తను అందరికి పంపుటయే తప్పు.

మరి కూలివాని కుమారుడేమి వ్రాయవలెను? యేల్ విదేశీ విద్యార్థిని ఎన్నుకొనునపుడు వాని బీదతనమును చూడదు. చేర్చుకొనినవానికి అవసరమంత సహాయము చేయును. "ఆ సహాయము లేనిదే నేను చదువలేను" అనుట సిగ్గుపడదగిన కారణమా? గ్రంథాలయపు అందమును పొగడుటకంటె నాకీ మాటయే నచ్చును. అటుపిమ్మట, అక్కడ ఏ పాఠము కొరకు ఆకలిగొనియున్నాడో వానినే వ్రాయనిండు.