విషాదము దోషము కాదు

మనోవ్యథను పైకి చెప్పుకొనుట బలహీనతయా? భగవంతుని నమ్మినవాడు వైద్యుని ఆశ్రయించుట విశ్వాసలోపమా? చదువుకొనుచున్న బిడ్డలుగల ప్రతి గృహమునను ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

జహీరాబాదునుండి హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్లు. చెరకుతోటల నడుమ పెరిగి, ఇంట తెలుగో, కన్నడమో, ఉర్దువో పలికిన విద్యార్థికి విశ్వవిద్యాలయమున పాఠమంతయు ఆంగ్లమున ఎదురగును. ఒక పరీక్ష తప్పినచో తండ్రి చేసిన అప్పు కన్నుల ముందు నిలుచును. నిద్ర పట్టదు, అన్నము సహింపదు. ఇంటికి ఫోను చేసినపుడు మాత్రము “బాగానే ఉన్నాను” అనును. ఎన్నడైన నోరు విప్పినచో, “స్వామిని తలచుకొనుము, అన్నియు సర్దుకొనును” అని పెద్దలు ముగింతురు. నామస్మరణ మంచిదే. అంతటితో పెద్దల బాధ్యత తీరునా?

కురుక్షేత్రమున అర్జునుని స్మరింపుడు. అవయవములు పట్టుదప్పినవి, నోరెండినది, గాండీవము చేజారినది. అంతటి వీరుడు తన దుఃఖమును దాచుకొనలేదు. ధర్మమేదో తోచకున్నదని, శిష్యుడనై శరణుజొచ్చితినని విన్నవించుకొనెను. శ్రీకృష్ణుడు మొదట మందలించినను విడిచిపోలేదు. ఓర్పుతో సందేహములన్నిటికి సమాధానము చెప్పి, తుదకు బాగుగా విచారించి నీ ఇష్టమైనట్లు చేయుమనెను. గీతలోని ప్రథమాధ్యాయమునకు విషాదయోగమని పేరు వచ్చుటలోని అంతరార్థమిదియే. చెప్పుకొన్న విషాదము జ్ఞానమునకు ద్వారమైనది.

అర్జునునకు భగవానుడే సారథి, మనకు వైద్యుడెందులకని కొందరందురు. లంకలో లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు సుషేణుడు ఓషధిని తెలిపెను, హనుమంతుడు తెచ్చెను. సాక్షాత్తు శ్రీరాముడే వైద్యుని మాట మన్నించెను. ధన్వంతరి విష్ణ్వంశయే కదా! చరకసంహిత చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధములుగా చెప్పినది. మంత్రహోమాదులు మొదటిది, ఆహారౌషధములు రెండవది, మనస్సును అహితమునుండి మరల్చుట మూడవది. ఒకటి చేసినవాడు తక్కినవానిని విడువవలెనని అందు లేదు.

నేడు అట్టి సహాయము దూరమున లేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. నూరుగురికి తక్కువకాకుండ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు శిక్షణపొందిన సలహాదారుని నియమింపవలెనని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించినది. రోగివివరములు గోప్యముగా నుంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము శాసించుచున్నది.

నలుగురు ఏమందురో, సంబంధములు చెడునేమో యను భయముతో బిడ్డ బాధను మరుగుపరచుట వాత్సల్యము కాదు. జ్వరము వచ్చినపుడు మందిప్పించి మ్రొక్కుకొందుము. మనస్సు నొచ్చినపుడును అట్లే చేయుదము. సెలవులకు ఇల్లుచేరిన బిడ్డను మార్కులడుగుటకు ముందు మనస్సెట్లున్నదని అడుగుదము. ఆర్తత్రాణపరాయణుడగు శ్రీహరి మన బిడ్డలకు నోరు విప్పు ధైర్యమును, మనకు వినునట్టి ఓర్పును ప్రసాదించుగాక!