పళ్ళెంలో పాము, లాబీలో ఆకు

బెర్నార్ పలిస్సీ చేసిన పళ్ళెం చూస్తే ఎవరైనా ఒక్కక్షణం ఉలిక్కిపడతారు. మధ్యలో మెలికలు తిరిగిన పాము. చుట్టూ బల్లి, కప్ప, చేపలు, గుల్లలు, ఆకులు. పాము ఒంటిమీద పొలుసు పొలుసూ కనిపిస్తుంది. 16వ శతాబ్దపు ఈ ఫ్రెంచి కుమ్మరి నిజమైన ప్రాణులకే అచ్చు తీసి, మట్టిలో దించి, రంగుల గాజుపూత పూసి కాల్చేవాడు. ఆ పూత కుదరడానికి ఏళ్ళు పట్టింది. కట్టెలు అయిపోతే ఇంట్లోని బల్లలూ నేలచెక్కలూ బట్టీలో వేశానని తానే రాసుకున్నాడు.

అచ్చుకోసం ఆ ప్రాణులు బలయ్యాయన్న మాట నన్ను బాధిస్తుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి: ఆయనకు వాటితో పరిచయం ఉంది. ఫ్రాన్స్‌లోని సేంతోంజ్ ప్రాంతపు ఉప్పుమడులను కొలిచిన మనిషి ఆయన. బురదలో పాకేవాటికి కూడా రాజుగారి భోజనబల్ల మీద చోటుందని నమ్మాడు.

1590 ప్రాంతంలో ఆయన బాస్టిల్ చెరసాలలో కన్నుమూశాడు. దాదాపు అదే కాలంలో, 1591లో, మన హైదరాబాద్ పుట్టింది. కొద్దికాలానికే పాతబస్తీలోని బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడల మీద రంగు పలకల్లో పూలూ తీగలూ విరిశాయి. ఫ్రాన్స్‌లోని సెవ్ర్ పింగాణీ కూడా తర్వాత సాలార్‌జంగ్ సేకరణలోకి వచ్చి చేరింది. మట్టిమీద ఆకును పూయించే విద్య ఈ ఊరికి కొత్తేమీ కాదు.

మరి 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పెరిగిన ఊరి సంగతి? మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల లాబీల్లో ప్లాస్టిక్ తీగలు వేలాడుతుంటాయి. గోడనిండా ఏ దేశపు అడవివో తెలియని ఆకుల బొమ్మలు. ఆ గోడకు అవతల, దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాతిగుట్టలను పేల్చి పునాదులు తీస్తున్నారు. ఆ రాళ్ళ సందుల్లో కాసే సీతాఫలం, గుట్టల పక్కన పూసే తంగేడు ఏ లాబీలోనూ కనబడవు.

అలంకారం విలువ అందులో ఇమిడిన చూపును బట్టి ఉంటుందని నా నమ్మకం. ఎదుట ఉన్నదాన్ని తనివితీరా చూసిన చేయి వేసిన ఆకు, మనల్ని మళ్ళీ చెట్టు దగ్గరికి పంపుతుంది. చూడకుండా అతికించిన ఆకు, చెట్టు పోయిన సంగతిని కప్పిపెడుతుంది.

అందుకే ఇక్కడ భవనాలు కట్టించేవాళ్ళకు నా విన్నపం. గోడమీద ప్రకృతి కావాలనుకుంటే ముందు దుర్గం చెరువు గట్టున కాసేపు తిరగండి. అక్కడి రాయినీ రెక్కనూ రెమ్మనూ మన కుమ్మరులతో మట్టిలో చేయించండి. అంతకంటే ముందు, మీ స్థలంలో మిగిలిన ఒక్క గుట్టనైనా ఉండనివ్వండి.